నోరు పారేసుకునే క్లయింట్‌తో వేగేదెలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు సొంతంగా వెబ్‌సైట్లు చేసి ఇస్తారు. కొన్ని నెలలుగా ఒక క్లయింట్‌తో పని నడుస్తోంది. ఆలస్యంగానైనా డబ్బు ఇస్తాడు కానీ మాట దురుసు. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టి, తెల్లారేసరికి "ఇంకా చూడలేదా?" అంటాడు. కిందటి వారం తన టీమంతా ఉన్న గ్రూపులో "ఇదేం పనండీ, చిన్నపిల్లాడికిచ్చినా ఇంతకంటే బాగా చేస్తాడు" అని పెట్టాడు. మీ సంపాదనలో దాదాపు సగం అతని నుంచే వస్తోంది, పైగా ఒక బిల్లు ఇంకా రావాలి. ఏం చెబితే మళ్లీ అలా మాట్లాడకుండా ఉంటాడు, లేక ఈ పనే వదిలేయాలా అని అడిగారు.

నేనూ చాలా ఏళ్లుగా సొంతంగానే పని చేసుకుంటున్నాను. తియ్యగా మాట్లాడి డబ్బు ఎగ్గొట్టినవాళ్లని చూశాను, నోరు పెద్దదైనా గడువుకి ముందే డబ్బు వేసేవాళ్లనీ చూశాను. మీ ప్రశ్న చదవగానే నా కన్ను పడింది అతని మాట మీద కాదు, ఆ "దాదాపు సగం" మీద. సగం సంపాదన ఒకరి చేతిలో ఉన్నప్పుడు ఎంత చక్కగా రాసినా అది బతిమాలుకున్నట్టే ఉంటుంది. అవతలివాడు దాన్ని ఇట్టే పసిగడతాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! అందుకని ఈ వారం అతనితో ఏం మాట్లాడాలో చెబుతాను, కానీ ఆ మాటలకి బలం రావాలంటే వచ్చే కొన్ని నెలల్లో అతని మీద ఆధారపడటం తగ్గాలి. అది కూడా ఈ వారమే మొదలుపెట్టాలి.

ముందు అతను చేస్తున్నవాటిని విడదీసి చూడండి. రాత్రి మెసేజ్‌లూ, గ్రూపులో అన్న మాటా ఒకే రకం తప్పులు కావు. "ఇంకా చూడలేదా?" అన్నది రాతలో నిలదీసినట్టుంటుంది. అదే ఫోన్‌లో వింటే మామూలుగా అడిగినట్టే అనిపించవచ్చు. జస్టిన్ క్రూగర్, నికోలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈమెయిల్‌లో స్వరం ఎంతవరకు అందుతుందో పరీక్షించారు. వెటకారంగా రాశామా, మామూలుగా రాశామా అన్నది అవతలివాళ్లు తేలిగ్గా పట్టేస్తారని రాసినవాళ్లు గట్టిగా నమ్మారు. తీరా చూస్తే చదివినవాళ్లు చెప్పింది గుడ్డిగా ఊహించినదానికంటే పెద్ద మెరుగ్గా ఏమీ లేదు. కాబట్టి పొడిపొడిగా ఉన్న మెసేజ్‌ని, మీకు ఇష్టమైన ఒక క్లయింట్ గొంతుతో మనసులో చదువుకోండి. అప్పుడు మామూలుగా అనిపిస్తే అది దురుసుతనం లెక్కలోకి రాదు. చిన్నపిల్లాడి మాటని మాత్రం ఎవరి గొంతుతో చదివినా అవమానమే. మీరు తేల్చుకోవాల్సింది దాని గురించి.

ఇంకో పని కూడా చేయండి, పావుగంట పట్టదు. అతను గట్టిగా అరిచిన మెసేజ్‌ల తేదీలన్నీ ఒకచోట రాసుకోండి. పక్కనే మీరు బిల్లు పంపిన తేదీలు, అతను సైట్ చూపించాల్సిన తేదీలు వేయండి. కొంతమందికి గడువు దగ్గరపడే కొద్దీ గొంతు పెరుగుతుంది. వాళ్ల పైన ఎవరో అరుస్తుంటారు, ఆ సెగ మనకి తగులుతుంది. ఇలాంటివాళ్లకి మందు సమాచారం. వారానికి రెండుసార్లు, వాళ్లు అడగకముందే, ఏది అయింది, ఏది మిగిలింది, వాళ్ల నుంచి ఏం కావాలి అని నాలుగు లైన్లు పంపితే సగం గొడవ సద్దుమణుగుతుంది. పని ఎక్కడిదాకా వచ్చిందో తెలియక పెట్టే దురుసు మెసేజ్‌లు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. ఇంకొంతమంది ఉంటారు, సరిగ్గా బిల్లు అందిన రోజే వాళ్లకి పనిలో తప్పులు కనబడతాయి. అక్కడ కోపం బేరంలో భాగం. దానికి సమాచారం పనిచేయదు, ఒప్పందం కాగితమే పనిచేస్తుంది. మీవాడు ఏ రకమో ఆ తేదీల పట్టీయే చెబుతుంది.

ఇప్పుడు గ్రూపు సంగతి. మీరు నాకు పంపిన అతని మెసేజ్ మొత్తం ఇలా ఉంది: "ఇదేం పనండీ, చిన్నపిల్లాడికిచ్చినా ఇంతకంటే బాగా చేస్తాడు. ఫోన్‌లో తెరిస్తే మెనూ కనబడట్లేదు. నిన్న చెప్పిన ఫొటో మార్చనేలేదు. రేపటికి కావాలి." ఇందులో నాలుగు వాక్యాలున్నాయి. మొదటిది అవమానం. రెండోది నిజమైన తప్పు. మూడోది తప్పో, కొత్త కోరికో చూడాలి. నాలుగోది గడువు. మనం కోపంలో ఉన్నప్పుడు మొదటిదానికే జవాబు రాస్తాం, లేదా భయంలో నాలుగింటికీ కలిపి "సారీ అండీ, చాలా సారీ, వెంటనే చేసేస్తాను" అంటాం. రెండూ నష్టమే. గ్రూపులో చివరి మూడింటికే జవాబు ఇవ్వాలి. ఉదాహరణకి:

"ఫోన్‌లో మెనూ చూశాను. చిన్న స్క్రీన్ ఉన్న ఫోన్లలో కనబడట్లేదు. అది నేను సరిచేయాల్సిందే, ఈ సాయంత్రం ఆరింటికల్లా అవుతుంది. ఫొటో మార్చమని నిన్న నాకు మెసేజ్ రాలేదు. ఏ ఫొటోనో ఇక్కడ పెట్టండి. సాయంత్రంలోగా అందితే రేపు మధ్యాహ్నానికి రెండూ చూసుకోవచ్చు."

తప్పుని ఒక్క ముక్కలో ఒప్పుకున్నారు, దాన్ని సాగదీయలేదు. రాని మెసేజ్ రాలేదనే చెప్పారు. రేపటికి కావాలంటే అతను ఏం ఇవ్వాలో చెప్పారు. చిన్నపిల్లాడి ఊసే లేదు. గ్రూపులో ఇంకో పదిమంది ఇది చదువుతారు, వాళ్లలో రేపు మీకు పని ఇచ్చేవాళ్లుండవచ్చు. ఎవరు పని గురించి మాట్లాడుతున్నారో వాళ్లకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ జవాబు వెంటనే పంపకండి. పంపాక కూడా వెంటనే అతని సైట్ పని తెరవకండి. "మనసు కుదుటపడనీయండి" అని మర్యాద కోసం చెప్పడం లేదు. ఇజ్రాయెల్‌లో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే 24 వైద్య బృందాలతో చేసిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. బొమ్మ శిశువు మీద శిక్షణ. బయటి నిపుణుడిగా పరిచయం చేసిన వ్యక్తి కొన్ని బృందాలతో అక్కడి వైద్యం స్థాయి గురించి తక్కువ చేసి మాట్లాడాడు. ఆ మాట విన్న బృందాలు రోగాన్ని గుర్తించడంలోనూ, చికిత్స చేయడంలోనూ మిగతా బృందాలకంటే వెనకబడ్డాయి. నాకు అందులో ముఖ్యమనిపించింది ఇంకొకటి: వాళ్లు ఒకరితో ఒకరు సమాచారం పంచుకోవడం, సాయం అడగడం తగ్గిపోయాయి. మనకీ సరిగ్గా అదే జరుగుతుంది. తిట్టిన క్లయింట్‌ని సందేహం అడగబుద్ధి కాదు. అడగకుండా మనకి తోచింది చేస్తాం. అది తప్పవుతుంది, మళ్లీ తిట్టు. కాబట్టి అతను అన్నదాని ప్రభావం మీ పనిలోకి దిగకముందే కాసేపు వేరే క్లయింట్ పని చేసుకోండి. ఆ తర్వాత, ఇష్టం లేకపోయినా, అడగాల్సిన ప్రశ్నలు అడిగేయండి.

ఇక అవమానం గురించి. దీన్ని రాతలో తేల్చడానికి చూడకండి. మర్నాడు పని వేళల్లో ఫోన్ చేసి, అతనితో ఒక్కడితోనే మాట్లాడండి. నేనైతే ఇలా అంటాను: "రెండు నిమిషాలు పని కాని విషయం ఒకటి మాట్లాడాలండీ. మొన్న గ్రూపులో చిన్నపిల్లాడితో పోల్చారు. పనిలో తప్పుంటే మొహమాటం లేకుండా చెప్పండి, సరిచేస్తాను. అలాంటి మాట మాత్రం నలుగురిలో వద్దండీ. మీకు నచ్చనిది ఉంటే నాకు నేరుగా ఫోన్ చేయండి." అంతే. ఆ తర్వాత ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దం భరించలేక "అంటే నేను తప్పుగా అనుకోలేదు లెండి, ఏదో చెప్పాలనిపించి..." అని మనమే మన మాటని వెనక్కి తీసేసుకుంటాం. నోరు నొక్కుకోండి.

"అయ్యో, ఏదో టెన్షన్‌లో అనేశాను" అంటే "సరేనండీ" అని అక్కడితో వదిలేసి పనిలోకి వెళ్లిపోండి. అతని చేత క్షమాపణ చెప్పించుకోవాలని తెగేదాకా లాగితే మీకొచ్చేదేమీ లేదు. "నా పద్ధతే ఇంత, అందరితోనూ ఇలాగే ఉంటా" అన్నా పర్వాలేదు, "మీ పద్ధతి మీదండీ, నాతో పనికి మాత్రం ఇలా కుదరదు" అని మెల్లగా చెప్పొచ్చు. ఎక్కువమంది అనేది మూడో మాట: "మీరు పని సరిగ్గా చేస్తే నేనెందుకంటాను?" ఇక్కడే అందరూ జారిపోతారు. వెంటనే మెనూ ఎందుకు కనబడలేదో వివరించడం మొదలుపెడతారు, పది నిమిషాల తర్వాత చూస్తే సంభాషణ మొత్తం మీ తప్పుల గురించే ఉంటుంది. "పని సంగతి విడిగా మాట్లాడదామండీ, లిస్టు నా దగ్గరుంది. ఇప్పుడు నేను చెబుతున్నది మాట గురించి" అని ఆ రెండింటినీ మళ్లీ విడదీయండి. అవసరమైతే ఇదే వాక్యం రెండోసారి కూడా అనండి, కొత్త వాక్యం వెతుక్కోకండి.

ఫోన్ పెట్టేశాక ఒక చిన్న మెసేజ్: "ఇందాక అనుకున్నట్టు, మార్పులుంటే గ్రూపులో, అభ్యంతరాలుంటే నాకు నేరుగా ఫోన్‌లో." ఇది రుజువుగా ఉంటుంది. ఈ ఫోన్ ఒక్కసారికే. నెల తిరక్కుండా మళ్లీ అదే జరిగితే ఇంకో ఫోన్ వద్దు, వదిలేయాలా అన్న మీ రెండో ప్రశ్నకి అతనే జవాబు ఇచ్చినట్టు.

"బిల్లు వచ్చాక మాట్లాడతాను" అని మీరు రాశారు. వద్దు. ఇలాంటి క్లయింట్ దగ్గర ఎప్పుడూ ఏదో ఒక బిల్లు రావాల్సే ఉంటుంది. బిల్లునీ, మాటనీ కలపకుండా విడివిడిగా నడపండి. బిల్లు కోసం వేరే మెయిల్, అందులో పని పేరు, మొత్తం, గడువు తేదీ, అది దాటి ఎన్ని రోజులైందో తప్ప ఇంకేమీ ఉండకూడదు. అది అందేదాకా కొత్త దశ మొదలుపెట్టనని అందులోనే చెప్పండి. కొత్త పని ఆపడం మీ హక్కు. కానీ ఇప్పటికే నడుస్తున్న సైట్‌ని ఆపేయడం, పాస్‌వర్డ్ మార్చేయడం లాంటివి ఎంత కోపమొచ్చినా చేయకండి. బాకీ అతనిదైనా కేసు మీ మెడకి చుట్టుకునే ప్రమాదముంది. డొమైన్, అంటే సైట్ అడ్రస్, మీ పేరున ఉంటే అది కూడా అతని పేరుకి మార్చేసి ఆ తలనొప్పి వదిలించుకోండి.

ఇకముందు ఒప్పుకునే పనికి పద్ధతి మార్చండి. మొదలుపెట్టే ముందు అడ్వాన్స్, డిజైన్ ఖాయమయ్యాక కొంత, సైట్ అందరికీ కనబడేలా పెట్టకముందే మిగతాది మొత్తం. అప్పటిదాకా సైట్ మీ టెస్ట్ అడ్రస్ మీదే ఉండాలి. సోర్స్ ఫైళ్లు (సైట్ తయారుచేసిన అసలు ఫైళ్లు), హక్కులు పూర్తి మొత్తం అందాకే బదిలీ అవుతాయని కాగితంలో రాయండి. కరెక్షన్లు రెండు రౌండ్లు, మూడో రౌండు నుంచి గంటకింత. ఇదొక్కటి రాసి ఉంటే చాలు, "ఏదోలా ఉంది, మార్చండి" అనే మెసేజ్‌లు వింతగా తగ్గిపోతాయి. అతని వైపు నుంచి "సరే" చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి పేరు కూడా అందులో ఉండాలి. మధ్యలో ఎవరు ఆపేసినా ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అప్పటిదాకా చేసినదానికి ఎంత ఇవ్వాలి అన్నది కూడా. రేపు మీరు వదిలేయాలనుకున్నప్పుడు గౌరవంగా బయటపడే దారి అదే.

దురుసు క్లయింట్‌కి రేటు రెట్టింపు వేయమని చాలామంది సలహా ఇస్తారు. నాకు నచ్చదు. అతను నిజంగా తినే గంటలకి, అంటే ఫోన్లకి, రాత్రి పనికి, మీటింగులకి వేయండి, తప్పకుండా వేయండి. తిట్లకి మాత్రం ధర కట్టకండి. ఒకసారి కట్టారంటే ఆ తర్వాత అభ్యంతరం చెప్పే హక్కు మీకుండదు, అతను కొనుక్కున్నదే వాడుకుంటున్నాడు.

ఇక ఆ సగం సంగతి. ఒకే క్లయింట్ నుంచి సంపాదనలో మూడో వంతు దాటకూడదన్నది నేను పెట్టుకున్న గీత. అది శాస్త్రమేమీ కాదు. మూడో వంతు పోతే కష్టపడి అయినా నిలబడగలను, సగం పోతే నిలబడలేను, అంతే లెక్క. అక్కడికి చేరాలంటే అతని పని తగ్గించక్కర్లేదు, మిగతాది పెంచాలి. వారంలో ఒక పూట ఖాయంగా దానికే కేటాయించండి, ఆ పూట అతని ఫోన్ కూడా ఎత్తకండి. కొత్తవాళ్ల వెంట పడేముందు పాత క్లయింట్లకి రాయండి. పని పూర్తయ్యి, డబ్బు ఇచ్చి, మంచిగా విడిపోయినవాళ్లు మీకు ఉండే ఉంటారు. వాళ్ల సైట్ ఒకసారి తెరిచి చూసి, "మీ కాంటాక్ట్ ఫారం ఫోన్‌లో సరిగ్గా వెళ్లట్లేదు, గమనించారా?" లాంటి నిజంగా పనికొచ్చే ఒక్క విషయం రాస్తే, "పని ఉంటే చెప్పండి" అని ఊరికే రాసినదానికంటే జవాబులు చాలా ఎక్కువ వస్తాయి. అతని నుంచి వచ్చే ప్రతి బిల్లులో కొంత విడిగా పెట్టండి. రెండు నెలల ఖర్చు పక్కన చేరిన రోజున ఫోన్‌లో మీ గొంతు మారిపోతుంది, ప్రాక్టీస్ చేయక్కర్లేదు.

రాత్రి మెసేజ్‌లకి పెద్ద ప్రకటనలేమీ వద్దు. నోటిఫికేషన్లు ఆపేసి, రోజూ ఉదయం ఒకే వేళకి జవాబివ్వండి. మూడు వారాలు అలా నడిస్తే అతనికి అలవాటైపోతుంది. సైట్ పూర్తిగా ఆగిపోతే ఏం చేయాలి, దానికి ఛార్జీ ఎంత అన్నది మాత్రం ముందే చెప్పి ఉంచండి.

ఇప్పటిదాకా చెప్పిందంతా మాట దురుసుతనం వరకే. బూతులు, బెదిరింపులు, ఇంట్లోవాళ్ల ప్రస్తావన, పుట్టుక గురించో, ఒంటి గురించో మాటలు, వేళగాని వేళ పనితో సంబంధం లేని మెసేజ్‌లు వస్తే ఈ ఫోన్లూ, సర్దుబాట్లూ ఏవీ వద్దు. తేదీ, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఇంకోచోట కూడా దాచుకోండి, ఫోన్లు ఆపి మెయిల్‌లోనే మాట్లాడండి, బెదిరింపు ఉంటే పోలీసులకి చెప్పండి. రావాల్సిన బిల్లు ఎంతైనా సరే.

వదిలేయాలని తేలితే తొందరపడి అర్ధరాత్రి మెసేజ్ పెట్టకండి. ఒక దశ పూర్తయ్యేదాకా ఆగి, ఆ బిల్లు అందాక చెప్పండి. కారణాలు రాయకండి. కారణం రాస్తే అది వాదనకి పిలుపు, ఒక్కొక్కదానికీ జవాబు వస్తుంది. "ఈ నెలాఖరుతో మీ పని నుంచి తప్పుకుంటున్నాను. ఒప్పుకున్న మూడు పేజీలు ఆలోపు పూర్తి చేసి ఇస్తాను. పాస్‌వర్డ్‌లు, ఫైళ్ల జాబితా, మిగిలిన పనుల పట్టీ 28న పంపుతాను. కొత్తగా తీసుకునేవాళ్లకి సందేహాలుంటే ఒకసారి అరగంట ఫోన్‌లో చెబుతాను." ఇంత చాలు. అప్పగింత ఎంత శుభ్రంగా ఉంటే అతను మీ గురించి చెడుగా చెప్పడానికి అంత తక్కువ దొరుకుతుంది. ఒకవేళ ఎక్కడైనా చెడ్డ రివ్యూ రాస్తే రెండు లైన్లలో జవాబు పెట్టండి: ఏ పని ఒప్పుకున్నారు, ఏ తేదీన అప్పగించారు. అతని ప్రవర్తన గురించి అక్కడ ఒక్క ముక్క కూడా రాయకండి. రేపు ఆ రివ్యూ చదివే కొత్త క్లయింట్ చూసేది మీ జవాబు తీరునే.

ఒకటి మాత్రం ముందే అనుకుని ఉండండి, ఇలాంటివాళ్లు తిరిగొస్తారు. ఇంకో ఇద్దరి దగ్గర చేయించుకుని, కుదరక, కొన్ని నెలల తర్వాత ఏమీ జరగనట్టు "ఎలా ఉన్నారు? చిన్న పని ఉంది" అని మెసేజ్ పెడతారు. అప్పటికి మీ చేతిలో పని లేకపోతే ఒప్పుకోవాలనిపిస్తుంది, ఒప్పుకున్నా తప్పులేదు. కాకపోతే పాత రేటుకి కాదు, డబ్బు మొత్తం ముందే, గ్రూపు లేకుండా, మీకూ అతనికీ మధ్య మెయిల్‌లోనే. దానికి ఒప్పుకుంటే చేయండి. ఒప్పుకోకపోతే "ఇప్పుడు ఖాళీ లేదండీ" అనేయండి.